సాలుమరద తిమ్మక్క : సంతానమా, కాయకమా?

కన్నడనాట సాలుమరద తిమ్మక్క యను వృద్ధురాలు 2025 నవంబరు 14వ తేదీన బెంగళూరులో తనువు చాలించెను. ఆమె వయస్సు 114 ఏండ్లని చెప్పిరి. అక్షరము నేర్వని కూలి మనిషి యైనను ఆమెకు ప్రభుత్వ లాంఛనములతో వీడ్కోలు పలికిరి. కన్నడమున ‘సాలుమర’ మనగా సాలుగా, వరుసగా నాటిన చెట్టు. అది ఆమె ఇంటిపేరు గాదు. చేసిన పనిని బట్టి జనులు పెట్టిన పేరు. మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, హడపద అప్పన్న అని మన శరణుల పేర్లకు ముందు వారి వారి కాయకములు నిలిచి యుండుట చదువరులెరుగుదురు. ఎనిమిది శతాబ్దములు గడచిన పిమ్మట అదే కన్నడ సీమలో ఒక స్త్రీకి అదే రీతిగా పేరు పడినది. ఆమె మన సంప్రదాయమునకు చెందినదని చెప్పుకొనుటకు ఈ మాట వ్రాయుట లేదు. ఆమె జీవితము మన బోధకు ఒక ప్రశ్నగా నిలిచినది గనుక వ్రాయుచున్నాను.

ఆమె మరణించిన దినమున అందరును ఒకే వాక్యమును తిప్పి తిప్పి చెప్పిరి. బిడ్డలు లేని తల్లి చెట్లనే బిడ్డలుగా పెంచుకొనెనట. వినుటకు మధురమైన మాట. నాకును కన్నులు చెమర్చినవి. కాని ఆ మాట రెండు మూడు దినములు మనస్సులో మెదలి, తుదకు ముల్లువలె గుచ్చుకొన సాగెను. ఎందుకో చెప్పవలెనన్న ముందుగా ఆమె చేసిన పని ఎట్టిదో కొంత వివరముగా చూడవలెను. పని చూడక మనిషిని మెచ్చుకొనుట మనకు తగదు.

తిమ్మక్క తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో పుట్టెను. బడి ముఖమెరుగదు. రాళ్లు కొట్టు చోట కూలి చేసెను. మాగడి తాలూకా హులికల్ గ్రామపు చిక్కయ్యను పెండ్లాడి ఆ ఊరికి వచ్చెను. ఆయనయు కూలి చేసుకొని బ్రతుకువాడే. ఏండ్లు గడచినవి గాని సంతానము కలుగలేదు. ఊరిలో నలుగురి నోట పడవలసి వచ్చెను. ఆ అవమానమును ఆమె తరువాతి కాలమున దాచకయే చెప్పుకొనెను.

ఊరి పరిసరములలో మర్రిచెట్లు విస్తారముగా నుండెను. ఆ దంపతులు వాని నుండియే మొక్కలు సిద్ధము చేసుకొని, హులికల్ నుండి కుదూరు పోవు బాట ప్రక్కన నాటసాగిరి. మొదటి ఏడు 10 మొక్కలు, రెండవ ఏడు 15, మూడవ ఏడు 20. ఈ లెక్కను గమనింపుడు. ఒక్కసారిగా వందలు నాటి చేతులు దులుపుకొన్న వారి లెక్క గాదిది. నిరుటి మొక్క బ్రతికినదని తెలిసికొని, ఈ ఏటికి ఇంకొక ఐదు మోయగలమని తమ రెక్కల బలమును కొలుచుకొన్నవారి లెక్క.

నాటుట సులభము. 1950లో మున్షీగారు కేంద్రమంత్రిగా ఉండగా వనమహోత్సవము మొదలైన నాటినుండి మన దేశమున నాటని వారు లేరు. ఏటేటా అదే గుంటలో అదే మొక్కను నాటిన ఊళ్లు సైతము కలవు! కష్టమంతయు నాటిన మరునాటి నుండి. మర్రి చిరంజీవియే గాని చిన్ననాట దానికి గండములు పెక్కు. మేక మేసిపోవును, ఎద్దు త్రొక్కిపోవును, పశువుల కాపరి కర్ర కొరకు విరుచుకొనిపోవును. వీనిని దాటినదానిని మొదటి వేసవి కాల్చివేయును. కావుననే ఆ దంపతులు వానలు పడు కాలము చూచి నాటిరి. ప్రతి మొక్కకును ముళ్లకంప తెచ్చి దడి కట్టిరి. నీళ్ల కడవలతో 4 కిలోమీటర్ల దూరము నడచి పోసి వచ్చిరి. కూలి దొరకని నాడు పస్తుండు ఇంటివారికి ఇది పని మీద పని. కూలి ఇచ్చువాడు లేడు, చూచి మెచ్చువాడు లేడు. చూచినవారు నవ్వియుందురు.

అట్లు పెరిగిన మర్రులు 385. ఇప్పుడు ఆ బాటపై నడచువారికి ఎండ తెలియదు. మర్రిపండు మనకు తినుటకు పనికిరాదు గాని చిలుకలకు, గోరువంకలకు, గబ్బిలములకు అది అన్నసత్రము. చెట్టును శాస్త్రము స్థావరమన్నది. స్థావరము కన్న జంగమమునకే బసవేశ్వరుడు పెద్దపీట వేసెనని మనమెరుగుదుము. అయితే ఊడలు దింపి, వానినే కాళ్లుగా చేసికొని ముందుకు జరుగు మర్రిని ఏ వర్గమున చేర్చవలెనో పండితులే చెప్పవలెను.

చిక్కయ్య 1991లో మరణించెను. ఆయన పేరు నేడు ఎందరికి తెలియును? కడవలు ఇరువురును మోసిరి. బిడ్డలు లేని లోటు ఇరువురిదియు. అయినను ‘బిడ్డలు లేని తల్లి’ అన్నారే గాని ‘బిడ్డలు లేని తండ్రి’ అని ఒక్కరును అనలేదు. మన తెలుగునే చూడుడు. గొడ్రాలు అను మాట కలదు. శుభకార్యమునకు బయలుదేరునపుడు ఎదురు రాగూడదని మనవారు చెప్పుకొను వారిలో ఆమెయు నొకతె. సంతానము లేని పురుషునకు అంత వాడియైన మాటను మన పెద్దలు కల్పింపలేదు. అతడు ఎదురైన ఎవరును వెనుకకు తిరిగి మంచినీళ్లు త్రాగి బయలుదేరరు.

తరువాత బిరుదులు వచ్చినవి. 2016లో బి.బి.సి. వారు ప్రపంచమున ఎన్నదగిన నూరుమంది స్త్రీలలో ఆమె పేరు చేర్చిరి. 2019లో పద్మశ్రీ వచ్చెను. రాష్ట్రపతి భవనమున ఆ బిరుదు అందుకొనుచు ఆమె రాష్ట్రపతి తలపై చేయి యుంచి దీవించెను. బిరుదుల కన్న నాకు ముఖ్యముగా తోచినవి వేరు రెండు. తన ఊరిలో వాన నీరు నిలువ చేయుటకు పెద్ద తొట్టి కట్టించుటలో ఆమె పాలు పంచుకొనెను. తన ఊరికి ఒక ఆసుపత్రి, భర్త పేరిట, కావలెనని చిరకాలము కోరుచుండెను. చెట్టు, నీరు, వైద్యము. ఈ మూడును తన ఇంటికి గాక ఊరికి కావలసినవి.

మర్రిచెట్టు, తిమ్మక్క అనగానే తెలుగువారికి ఇంకొక పేరు స్ఫురింపక మానదు. కదిరి సమీపమున నున్న తిమ్మమ్మ మర్రిమాను. ఇంచుమించు ఐదెకరముల మేర విస్తరించిన ఆ మహావృక్షము 1989లో గిన్నిస్ గ్రంథమునకు ఎక్కినది. స్థలకథ ప్రకారము తిమ్మమ్మ యను ఇల్లాలు భర్త చితిపై సహగమనము చేయగా, చితికి నాటిన గుంజ చిగిర్చి మర్రియైనదట. స్త్రీని నిప్పుపాలు చేసి పిదప దేవతను చేయు కథలను మెచ్చుట నాకు చేతగాదు. ఆ చెట్టు మాత్రము అపురూపమైనది. అచట మ్రొక్కిన సంతానము కలుగునని నమ్మి బిడ్డలు లేని దంపతులు నేటికిని వచ్చుచుందురు. రెండు మర్రులను ప్రక్కప్రక్కన నిలిపి చూచితిని. ఒకచోట సంతానము లేని స్త్రీ మర్రిని బిడ్డను ఇమ్మని అడుగుచున్నది. ఇంకొకచోట సంతానము లేని స్త్రీ మర్రిని ఏమియు అడుగక, తానే దానికి నీరు పోయుచున్నది. అడుగు స్త్రీని నేను తప్పుపట్టను. ఆమెచేత అట్లు అడిగించు లోకమును గూర్చియే నా తగవు. ఆ లోకములో నేనును ఒకడనని ఒప్పుకొనకున్న ఈ వ్యాసము వ్రాయుటకు నాకు అధికారము లేదు.

మా పెద్దమ్మకు సంతానము లేదు. మా ఊరి మఠము పెరడులో మారేడు మొక్కను నాటినది ఆమె. బావి నుండి నీరు తోడి, ఎండకాలమున రెండు పూటలు పోసి, దానిని ఇంటి ఎత్తు చేసెను. మా వీధిలోని ఇండ్లన్నిటికిని పూజకు పత్రి ఆ చెట్టుదే. కొన్ని ఏండ్ల క్రిందట మా ఇంట శిశువునకు నామకరణము జరిగెను. అయ్యవారు వచ్చి శిశువునకు లింగధారణ చేయించిరి. తొట్టెలో వేయుటకు ముందు హారతి ఇయ్యవలసిన వేళ పళ్లెము నా చేతిలో నుండెను. వయస్సును బట్టి ఇంటికి పెద్ద ఆమెయే. ఆమె ఒక అడుగు ముందుకు వేసెను. నేను పళ్లెమును ఆమె ప్రక్కనున్న వేరొక ముత్తైదువకు అందించితిని. ఎవరును నాకు చెప్పలేదు. నా చేయియే అటు తిరిగెను. పెద్దమ్మ ఏమియు అనక పెరటిలోనికి పోయి పత్రి సర్దుచుండెను. ఆ పత్రితోనే ఆ దినము ఇష్టలింగార్చన చేసితిని.

పంచ సూతకములను త్రోసిపుచ్చిన వారము మనము. జాతి సూతకము లేదంటిమి, జనన సూతకము లేదంటిమి. మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము వీనివలనను మైల లేదంటిమి. మరి ఆరవదగు ఈ సూతకమును ఎవరు మన ఇండ్లలో ప్రవేశపెట్టిరి? ఇరుగుపొరుగు నుండి వచ్చినదని తప్పించుకొనవచ్చును. వచ్చినదానిని ఇంటిలో కూర్చుండబెట్టినది మనమే గదా.

కొడుకు లేనివానికి గతి లేదని చెప్పు శాస్త్రమునకు ఒక ఆధారమున్నది. పిండము పెట్టువాడు కావలెను. ఆ శాస్త్రము నమ్మువారు సంతానము లేదని భయపడుటలో ఒక పొందిక యున్నది. మనకు ఆ పొందికయు లేదు. శరణుడు లింగైక్యుడగుటకు పిండము అక్కరలేదు. ఇష్టలింగమును అరచేత నుంచి సమాధి చేయుదుము. బ్రతికినన్నినాళ్లు చేసిన కాయకమే వాని గతి. అట్లగునపుడు సంతానము లేమి మన దృష్టిలో ఒక దుఃఖము కావచ్చును, లోపము కానేరదు. శ్రీశైల కదళీవనము చేరిన అక్కమహాదేవిని సంతానమెంత యని అడిగినవారు లేరు.

ఇప్పుడు మొదటి ముల్లు సంగతి. ‘చెట్లనే బిడ్డలుగా పెంచుకొనెను’ అను మెప్పుదలలో ఆ పాత నిందయే మారువేషమున దాగియున్నది. బిడ్డలు లేని స్త్రీ ఒక ఖాళీ పాత్ర, దానిని దేనితోనైనను నింపిననే గాని ఆమెకు విలువ లేదు, ఈమె 385 చెట్లతో నింపినది గనుక క్షమించితిమి అన్నట్లున్నది. పది చెట్లే నాటియున్నచో? ఒక్కటియు నాటక, కూలి చేసుకొని, నీతిగా బ్రతికి చనిపోయి యున్నచో? హులికల్ ఊరిలో ఆమె ఎదురైన వెనుకకు తిరుగువారు ఇప్పటికిని తిరుగుచుండెడివారు.

ఇక్కడ నాతో ఒక మిత్రుడు వాదించెను, పండితుడు, మంచివాడు. ‘ఆమెయే స్వయముగా చెట్లను బిడ్డలనెను గదా, కాదనుటకు నీవెవరు?’ అనెను. నిజమే. ఆ మాట ఆమె నోట ఆమె సొత్తు. ఏ దుఃఖమును దాటి ఆ మాటకు చేరెనో ఆమెకే తెలియును. ఆమె ప్రేమతో పలికిన మాటను మనము కొలబద్దగా తీసికొనరాదనియే నేను చెప్పునది. మిత్రుడు అంతటితో విడువలేదు. ‘అయినచో ఆమె పని దుఃఖము మరచుటకు చేసినది. తన మనశ్శాంతి కొరకు చేసినదానిని కాయకమని, దాసోహమని ఎట్లందువు? నిష్కామత ఏది?’ అని రెండవ చిక్కు వేసెను.

ఈ ప్రశ్న నన్ను చాల దినములు బాధించెను. నాకు తోచిన సమాధానమిది. కాయకము ఎక్కడ పుట్టినదని శరణులు అడుగలేదు. మాచయ్య బట్టలుతికినది, చౌడయ్య పడవ నడిపినది పొట్ట కొరకే. ఆకలి కామము కాదా? ఆకలి నుండి పుట్టిన పని కాయకము కాగలిగినపుడు, దుఃఖము నుండి పుట్టిన పని ఏల కాగూడదు? వారు అడిగినది వేరు. పనిలో వంచన యున్నదా, మిగిలినది ఎవరికి పోవుచున్నది అని. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము ఏరి తెచ్చి జంగమ దాసోహము చేయుచుండెను. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఆశ మనకేల, ఎక్కువ తెచ్చినది మరల అక్కడనే పోసి రమ్మని త్రిప్పి పంపెను. మారయ్య ఏ తలంపుతో తెచ్చెనని ఆమె వాదము పెట్టుకొనలేదు. గంపలో ఎంత యున్నదో చూచినది.

తిమ్మక్క గంపలో ఎంత మిగిలెను? బాట ప్రభుత్వముది, నేల ఆమెది గాదు. ఆ చెట్లనీడ ఇది నాదని కంచె వేయుటకు ఆమెకు హక్కు లేదు, కోరికయు లేదు. నడచువాని కులము నీడ అడుగదు. దుఃఖము ఆమెదే గాని దాని ఫలము తన కొరకు కూసింతయు నిలుపుకొనలేదు. దీనిని దాసోహమనక మరేమనవలెనో మా పండితుడును చెప్పలేదు. ఆయన నవ్వి, ‘లక్కమ్మను తెచ్చి నన్ను ఓడించితివి’ అనెను.

అయినను మొదటి ముల్లు కన్న రెండవ ముల్లు పెద్దది. చెట్లు ఆమె బిడ్డలైనచో వానికి కష్టము వచ్చినపుడు తల్లియే పరుగెత్తవలెను. జరిగినదియు అదియే. 2019లో బాగేపల్లి నుండి హలగూరు పోవు రహదారిని వెడల్పు చేయు పనిలో ఈ మర్రులకు గొడ్డలిపెట్టు దాపురించెను. బాగేపల్లి మనకు దూరపు ఊరు గాదు. ఆంధ్ర సరిహద్దున, అంగడివీధిలో తెలుగు వినవచ్చు పట్టణము. నూరేండ్లు దాటిన ఆ వృద్ధురాలే ముఖ్యమంత్రి కుమారస్వామిగారిని చెట్లు కాపాడుమని వేడుకొనవలసి వచ్చెను. ప్రభుత్వము వేరు మార్గము చూతుమనెను, సంతోషమే. కాని ఆ నీడన నిత్యము నడచిన వేలమంది ఆ దినమున ఎక్కడ నుండిరి? ఆమె బిడ్డలు గదా, ఆమె చూచుకొనునని ఊరకుండిరి కాబోలు. తల్లి యని పిలిచి చేతులు జోడించుటలో ఈ సౌకర్యమున్నది. ఆమె బిడ్డలన్నచో అది ఆమె భారము. ఊరి చెట్లన్నచో భారము ఊరిది. ఇప్పుడు ఆ తల్లియు లేదు. చెట్ల సంరక్షణ ప్రభుత్వము చూచుచున్నది గాని, వెడల్పు చేయవలసిన బాటలు రాబోవు కాలమున తగ్గునని నేననుకొనను.

దూరపు బాట సంగతి ఇంత పొడుగున వ్రాయుటకు కారణము దగ్గరలోనే యున్నది. మా పెద్దమ్మ లింగైక్యమై ఆరేండ్లయినది. మఠము పెరడులో కల్యాణ మండపము కట్టవలెనని సంఘమువారు తలచిరి. మంచి పనియే, పేద ఇండ్ల పెండ్లిండ్లకు చోటు లేక కష్టపడుచున్నాము. గీసిన పటములో వంటశాల సరిగా మారేడుచెట్టున్న తావున పడినది. పెద్దలలో ఒకరు, ‘అది మీ పెద్దమ్మ చెట్టు గదా, మీరు ఏమందురు?’ అని నన్ను మర్యాదగా అడిగిరి. ఆమె బిడ్డలు లేనిది, అడుగువారు నేనొక్కడనే యని వారి భావము. అరవై ఇండ్ల పూజకు పత్రి ఇచ్చిన చెట్టు ఒక్క ఇంటి చెట్టు ఎట్లయినదో నాకప్పుడు నోట మాట రాలేదు. చూచి చెప్పుదునంటిని.

వంటశాలను పదునైదడుగులు తూర్పునకు జరిపిన చెట్టు నిలుచును. గోడ ఖర్చు కొంత పెరుగును. మేస్త్రీని పిలిపించి కొలిపించితిని. సంఘ సమావేశము వచ్చు సోమవారము సాయంకాలము. ఈమారు వీధిలోని స్త్రీలనందరిని రమ్మని ఇంటింటికి పోయి చెప్పి వచ్చితిని. ఆ చెట్టు నుండి పత్రి కోయువారు వారే గదా. ఎదురింటి కోడలికి పెండ్లియై తొమ్మిదేండ్లయినది, సంతానము లేదు. ‘నేను వచ్చినచో ఏమైన అందురేమో, మామా’ అనెను. ముందు వరుసలో కూర్చుండుమని చెప్పితిని.